రాళ్ళ పిచ్చి

మావాడికి రాళ్ళ పిచ్చి పట్టింది. పదకొండేళ్ళవాడు. తప్పు నాదే. సెలవుల్లో హైదరాబాదు తీసుకువెళ్ళి, బిర్లా సైన్సు మ్యూజియంలో కోటసారస్ అస్థిపంజరం చూపించాను. గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర దొరికిన రాక్షసిబల్లి అది. 1988లో దానికి ఆ పేరు పెట్టారు. "అక్కడ దొరికినప్పుడు మన పెబ్బేరులో ఎందుకు దొరకదు?" అని వాడి వాదన. అప్పటినుంచీ వాడు నిక్కరు జేబులు చింపడం, వాళ్ళమ్మ కుట్టడం!

మొదట ఒక "గుడ్డు" వచ్చింది. నల్లగా, గుండ్రంగా, పొరలు ఊడుతూ ఉంది. పుస్తకాలు తిరగేశాను. మన ప్రాంతంలో గ్రానైటును చీల్చుకుని వచ్చిన నల్లరాతి గోడలున్నాయి. ఎండకూ వానకూ ఆ రాయి మూలలు పోగొట్టుకుని, ఉల్లిపాయలా పొరలు విడుస్తూ చివరికి గుండై మిగులుతుంది. పగలగొట్టి చూశాం. పెంకూ లేదు, సొనా లేదు. లోపలా అదే రాయి.

తరువాత "ఆకు" వచ్చింది. ఎవరో ఇల్లు కట్టుకుంటూ పారేసిన బండముక్క మీద అచ్చం చిన్న మొక్క! నేనూ నమ్మాను. భూతద్దం పెడితే కాడా లేదు, ఈనెలూ లేవు. రాతి పగుళ్ళలో ఇంకిన నీళ్ళు వదిలిపోయిన మాంగనీసు ముగ్గు అది. బండ సున్నపురాయి అవునో కాదో తేల్చడానికి నిమ్మరసం పిండమన్నాను. సన్నగా నురగ వచ్చింది. ఇక ఆనాటి నుంచి వాడి జేబులో రాళ్ళతోపాటు ఒక నిమ్మకాయ!

మూడోది బీచుపల్లి దగ్గర కృష్ణలో ఏరుకువచ్చిన "పన్ను". వెలుతురుకు పట్టి చూస్తే లోపల ఎర్రటి చారలు. అగేటు రాయి. ఎగువన మహారాష్ట్ర లావారాళ్ళ బొరియల్లో పుట్టి, నదితో దొర్లుకుంటూ వచ్చింది.

ఇక నిజం చెప్పక తప్పలేదు. "నాన్నా, మన గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటివి. కరిగిన రాయి గట్టిపడితే గ్రానైటయింది. అందులో ప్రాణుల ఆనవాళ్ళు ఉండవు." వాడేమీ అనలేదు. సాయంత్రం రాళ్ళన్నీ గోడవతల పోసి వచ్చాడు. నిజమే చెప్పాను గాని, రాత్రి నాకు అన్నం సయించలేదు.

మర్నాడు పొద్దున్న పూజలో కూర్చున్నాను. నోరు మంత్రం చెబుతోంది, కన్ను గడియారం మీద ఉంది. సాలగ్రామం మీద నీళ్ళు పోస్తూండగా, "నాన్నా, ఆగు!" అని మావాడి కేక. "ఆ చక్రం చూడు! పుస్తకంలో ఉన్న అమ్మోనైటు!"

చూశాను. మా నాన్నగారు పోయిన తరువాత ఇరవై ఏళ్ళుగా రోజూ నీళ్ళు పోస్తున్నానే గాని, చూడడం అదే మొదలు.

సాలగ్రామాలు నేపాల్‌లో గండకీ నదిలో దొరుకుతాయి. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేది. అందులో బతికిన ప్రాణి చుట్టల పెంకు రాతిలో ముద్రపడితే అదే మనం మొక్కే చక్రం. పదమూడు కోట్ల ఏళ్ళకు పైబడిన మాట. ఊరంతా వెతికిన వస్తువు మా దేవుడి గూట్లోనే ఉంది!

గుమ్మం దగ్గర కూర్చున్న అమ్మ అంతా విన్నది. "ఏమిట్రా, దేవుణ్ణి నత్తగుల్ల చేశారా తండ్రీ కొడుకులిద్దరూ?" నాకు గొంతు తడారిపోయింది. ఆ సాలగ్రామం కాపురానికి వచ్చిననాటి నుంచీ ఆవిడకు ప్రాణం.

కాసేపాగి, "ఎన్నేళ్ళన్నావు?" అంది.

"పదమూడు కోట్లకు పైనే నాయనమ్మా," అన్నాడు వాడు.

"అయితే మనింటికి రావడానికి ఆయనకు అంతకాలం పట్టిందన్నమాట," అని కళ్ళకద్దుకుంది. "రేపటినుంచి నువ్వూ స్నానం చేసి వచ్చి మీ నాన్న పక్కన కూర్చో. కళ్ళారా చూద్దువుగాని. ఆ జేబులో నిమ్మకాయ మాత్రం ముందు ఇలా ఇయ్యి."