మాటకు వెల

కాకతీయుల నాటి ఓరుగల్లు కోటను నేడు ఖిలా వరంగల్ అని పిలుతురు. అచట రాతికోటకును మట్టికోటకును నడుమ ఇప్పటికిని పొలములు సాగగుచున్నవి.

ఒక ఉదయమున ఆ బాట ప్రక్కన ఇద్దరు స్త్రీలు వంకాయలమ్ముచుండిరి. ఒకతె గంపలోని కాయలు నిగనిగలాడుచుండెను. రెండవ గంప ఒక ముసలమ్మది. ఆమె కాయలు చిన్నవి. ఒకటి రెండు పుచ్చినవి కూడ. వెల మాత్రము హెచ్చు. కుమారుని వెంటబెట్టుకొని వచ్చిన ఒక గృహిణి ఆ గంపకడ నిలిచి, "మందు చల్లలేదని ఎట్లు నమ్ముదును, అవ్వా?" అని అడిగెను.

"మట్టికోట ప్రక్కనే మా చేను, బిడ్డా! వచ్చి చూడు" అని ముసలమ్మ బదులు చెప్పెను.

సేంద్రియాహారము కొనువారి మనసులోని చిక్కంతయు ఈ ప్రశ్నలోనే ఉన్నది. బిడ్డల ఆరోగ్యమును గూర్చిన తలంపు వారిని ముందుకు నడుపును. హెచ్చు వెల వెనుకకు లాగును. రూపమును కన్ను చూడగలదు, రుచిని నాలుక ఎరుగగలదు. కాయపై మిగిలిన మందును మాత్రము ఈ రెండును ఎరుగజాలవు. పుచ్చిన కాయ సైతము సాక్ష్యము కాదు; మందు చల్లిన చేనిలోను పురుగు బ్రతుకవచ్చును. కనుక కొనువారు నిజముగా కొనునది పండించినవారి మాట.

అట్టి మాట ఇచ్చిన ఊరొకటి ఈ సీమలోనే కలదు. 1997-98లో నాటి వరంగల్లు జిల్లాలో పత్తికి పురుగు పట్టగా, మందులకై చేసిన అప్పులు తీర్పలేక పలువురు రైతులు ప్రాణములు తీసికొనిరి. ఆ జిల్లాలోనిదే ఏనబావి; ఇప్పుడది జనగామ జిల్లాలో చేరినది. 2006లో ఆ పల్లెవారందరును ఏకమై, రసాయనిక ఎరువులును పురుగుమందులును వాడబోమని ప్రకటించిరి. పేడ, గోమూత్రము, వేపగింజల కషాయము వారికి సాధనములైనవి. ఇది ఊరందరి మాట యగుటచే, ఒకడు తప్పినచో ఊరి పేరే చెడును. కావున పొరుగువాడే కావలివాడయ్యెను.

2011లో కేంద్రప్రభుత్వము ప్రవేశపెట్టిన భాగస్వామ్య హామీ విధానమునకును ఇదియే సూత్రము. అందు రైతులు జట్టుగా చేరి, ఒకరి చేను నొకరు పరిశీలించి, పంటకు పూచీపడుదురు. చేనివరకు పోలేని పట్టణవాసికి ఆ ముద్రయే కన్ను.

ఖిలాలోని గృహిణికి చేను దగ్గరనే ఉన్నది. ఆమె అరకిలో కాయలు కొని, "ఆదివారము వచ్చెదము, అవ్వా" అనెను. బాలుడు అప్పుడే మట్టికోట వైపు చూచుచుండెను.