ఏ అరలోనూ ఇమడని టెరీ క్యాలియర్

చికాగోలో గాయకుడు టెరీ క్యాలియర్ రికార్డు కొనాలంటే కొట్టంతా గాలించాలి. ఒకచోట జానపదంలో ఉంటాడు, ఇంకోచోట సోల్‌లో, మరోచోట జాజ్‌లో. పోనీ పరాయివాడా? 1945లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. కాబ్రినీ-గ్రీన్ ఇళ్ళ మధ్య, తర్వాత సోల్ గాయకుడైన కర్టిస్ మేఫీల్డ్‌తో ఆడుకుంటూ పెరిగాడు. అలాంటివాడికి సొంతూళ్ళో ఒక అర కేటాయించలేకపోవడం అన్యాయం.

అరల గొడవ మొదటినుంచీ ఉన్నదే. గిటార్ పట్టుకుని జానపదాలు పాడే కుర్రాడు జాజ్ సాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ బృందాన్ని ఎదురుగా కూర్చుని విని కదిలిపోయాడు. 1964లో తొలి ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు, కోల్ట్రేన్ ప్రభావంతోనే, పక్కన ఇద్దరు బేస్ వాద్యకారుల్ని పెట్టుకున్నాడు. జానపదానికి రెండు బేస్‌లేమిటి? ఆ టేపులు కొన్నేళ్ళు మూలపడ్డాయి.

1972 నాటి 'వాట్ కలర్ ఈజ్ లవ్' ఆల్బమ్‌లో మొదటి పాట 'డాన్సింగ్ గర్ల్' వింటే ఆయనేమిటో తెలుస్తుంది. నిడివి తొమ్మిది నిమిషాలు. గిటార్ తీగల మీద గొంతు మెల్లగా, కలవరింతలా మొదలవుతుంది. చార్లెస్ స్టెప్నీ కూర్చిన వయొలిన్లు దాని వెనక చేరతాయి, ఇత్తడి వాద్యాలు లేస్తాయి, లయ బిగుస్తుంది. పల్లవి కోసం ఎదురుచూసే చెవి ఆ ఆశ వదులుకుంటుంది. అంత వాద్యఘోషలోనూ గొంతు అరుపుగా మారదు. ఇంతటి పాటని ఏ అరలో పెట్టాలో తేలక జనం దాటిపోయారంటే కడుపు మండుతుంది.

మనకు బాలాంత్రపు రజనీకాంతరావు లేరా అనిపిస్తుంది. రాసి, బాణీ కట్టి, పాడిన వాగ్గేయకారుడు. శాస్త్రీయమూ కాని, సినిమా పాటా కాని ఆ పాటలకు 'లలిత సంగీతం' అంటూ రేడియో ఓ పీట వేసింది. అయితే పోలిక అక్కడితో సరి. రజనికి ఆకాశవాణే ఉద్యోగం. విజయవాడ కేంద్రం భక్తిరంజనితో తెల్లవారిన ఇళ్ళలో, పొయ్యి మీద పాలు పొంగుతున్నా అమ్మ రేడియో దగ్గర్నుంచి కదిలేది కాదు. ఆ పాట ఏ రకమని అడిగినవాళ్ళు లేరు.

క్యాలియర్‌కు ఆ నీడ దొరకలేదు. 1983లో కూతుర్ని పెంచుకోవడానికి పాట మానేసి, ప్రోగ్రామింగ్ నేర్చుకుని, చికాగో విశ్వవిద్యాలయంలో ఉద్యోగంలో చేరాడు. తర్వాత ఆయన పాత రికార్డుని ఇంగ్లండ్ కుర్రకారు క్లబ్బుల్లో మోగించి, వెతుక్కుంటూ వచ్చి పిలిచారు. సెలవు పెట్టి వెళ్ళి పాడొచ్చేవాడు, సహోద్యోగులకు తెలియకుండా. 1998లో 'టైమ్‌పీస్' ఆల్బమ్‌కు ఐక్యరాజ్యసమితి పురస్కారం వస్తే గుట్టు బయటపడింది, ఉద్యోగం పోయింది.

చికాగో శివార్లు అరోరా, నేపర్‌విల్‌లలో వారమంతా కోడ్ రాసి శనివారం రాత్రి హార్మోనియం ముందు కూర్చునే తెలుగువాళ్ళు ఎందరో ఉన్నారు. 2012లో పోయిన ఈ ఊరి ప్రోగ్రామర్ పాట వాళ్ళ ఇళ్ళలో మోగాలి. 'డాన్సింగ్ గర్ల్' నిదానంగా అనిపిస్తే 'ఆర్డినరీ జో'తో మొదలుపెట్టొచ్చు.