అశోక్‌నగర్‌లో చాబహార్

మే 13, 2024, సోమవారం

పోలింగ్ సెలవు. ఓటేసి వస్తుంటే అశోక్‌నగర్ గల్లీలు బోసిగా కనిపించాయి. హాస్టళ్ల పిల్లల్లో సగం మంది ఊళ్లకు బస్సెక్కారు. ఆంధ్రా వాళ్లకు అసెంబ్లీ ఓటు కూడా ఉంది కదా. గ్రూప్-1 ప్రిలిమ్స్ జూన్ 9, సివిల్స్ జూన్ 16. మిగిలినవాళ్లు గదులు దాటడం లేదు.

సాయంత్రం వార్త: టెహ్రాన్‌లో ఇరాన్ రేవు చాబహార్ ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఎన్నికల మధ్యలో మన ఓడరేవుల మంత్రి సోనోవాల్ వెళ్లి మరీ చేయించారు. అక్కడి షహీద్ బెహెష్తీ టెర్మినల్‌ను మన ప్రభుత్వ సంస్థ ఇండియా పోర్ట్స్ గ్లోబల్ పదేళ్లు నడుపుతుంది. పరికరాలకు 12 కోట్ల డాలర్లు, పైన 25 కోట్ల డాలర్ల రుణం. 2018 డిసెంబర్ నుంచి అక్కడ ఉన్నది మనవాళ్లే, కానీ ఏడాదికేడాది పొడిగించుకుంటూ నెట్టుకొచ్చారు. ఏడాది కిరాయి మడిగెకు ఎవడైనా కొత్త షట్టర్ పెట్టిస్తాడా? నా లెక్కలో డాలర్ల కన్నా ఆ పదేళ్లే పెద్ద వార్త.

మే 15, బుధవారం

ఈలోగానే అమెరికా విదేశాంగ శాఖ గొంతు సవరించుకుంది: ఇరాన్‌తో వ్యాపారం పెట్టుకునేవాళ్లు ఆంక్షల ముప్పు చూసుకోవాలట. చాబహార్‌ను ఒకప్పుడు మీరూ మెచ్చుకున్నారు కదా, సంకుచితంగా చూడొద్దు అని మన విదేశాంగ మంత్రి జైశంకర్ బదులిచ్చారు.

క్లాసులో బోర్డు మీద పటం గీశాను. కుడివైపు పాకిస్తాన్ రేవు గ్వాదర్, దాని పక్కనే చాబహార్, బాగా ఎడమకు హోర్ముజ్ జలసంధి. చాబహార్ ఆ సందుకు బయటే ఉంది, అదే దాని విలువ. పాకిస్తాన్ దారి ఇవ్వకపోయినా మన సరుకు అక్కడ దిగి అఫ్గానిస్తాన్ చేరుతుంది. అందుకే మనవాళ్లు అఫ్గాన్‌లో జరంజ్ నుంచి దెలారం దాకా 218 కిలోమీటర్ల రోడ్డు వేశారు. ఈ రేవు మీదుగా ఇప్పటిదాకా 25 లక్షల టన్నుల గోధుమలు వెళ్లాయి. 2021లో ఇరాన్‌కే మిడతల మందు 40 వేల లీటర్లు వెళ్లింది. పిల్లలు గోధుమల అంకె రాసుకున్నారు, మిడతల మాటకు నవ్వారు.

కరీంనగర్ పిల్లగాడు లేచాడు: "సార్, మనిద్దరి నడుమ అమెరికాకేం పని?"

చమురు కథ చెప్పాను. ఇరాన్ చమురుకు మనం రూపాయల్లో కట్టేవాళ్లం, ఆ డబ్బు యూకో బ్యాంకు ఖాతాలో పడేది. ఇరాన్ అందులోంచే మన బాస్మతి, టీ కొనేది. 2019 మేలో అమెరికా ఆంక్షల మినహాయింపు ఎత్తేయగానే చమురు ఆగింది. ఖాతాలో కొత్త రూపాయి పడలేదు. చివరికి దెబ్బ ఎవరికి తగిలిందంటే హర్యానా, పంజాబ్ బియ్యం వ్యాపారులకు.

మే 16, గురువారం

కుండపోత. ఉప్పల్‌లో మ్యాచ్ రద్దు, నా సాయంత్రం బ్యాచీ రద్దే. నారాయణగూడలో ఇరానీ హోటల్లో ఇరుక్కుపోయాను. వాన తగ్గేదాకా నిన్నటి ప్రశ్నే బుర్రలో తిరిగింది. పిల్లగాడికి 2019 చెప్పాను, 1636 చెప్పాల్సింది.

హైదరాబాద్ నగర రచన చేసిన మీర్ మోమిన్ అస్త్రాబాద్ నుంచి వచ్చినవాడు, కులీ కుతుబ్‌షా పేష్వా. మీర్ జుమ్లా కూడా ఇరాన్ వాడే. వజ్రాల వ్యాపారంలో పైకొచ్చి, మచిలీపట్నం అధికారం చేసి, సొంత ఓడలు నడిపాడు. బందరు కలంకారీ గుడ్డలు బందర్ అబ్బాస్‌కు వెళ్లేవి. గోల్కొండ మసీదుల్లో శుక్రవారం ప్రసంగం ఖుత్బాలో ఇరాన్ షా పేరు చదివేవారు. 1636లో షాజహాన్ సైన్యాన్ని చూపించి అబ్దుల్లా కుతుబ్‌షా చేత రాయించుకున్న షరతుల్లో ఆ పేరు తీసేయడం ఒకటి. కప్పం సరేసరి. ఆ తర్వాత కూడా ఓడలు తిరిగాయి, పేరు మాత్రం మారింది. గోల్కొండ, ఇరాన్ కూర్చున్న చోట ఆగ్రా కూడా కుర్చీ వేసుకుంది. ఇప్పుడు వాషింగ్టన్ వేసుకుంది.

మే 21, మంగళవారం

ఇవాళ సంతాప దినం. ప్రభుత్వ భవనాల మీద జెండాలు సగానికి దించారు. ఆదివారం హెలికాప్టర్ కూలి ఇరాన్ అధ్యక్షుడు రైసీ, విదేశాంగ మంత్రి అమీర్ అబ్దొల్లాహియాన్ పోయారు. చిక్కడపల్లి లైబ్రరీ ఆవరణలో ఇద్దరు నన్ను ఆపి అదే మాట అడిగారు: "సార్, ఇగ ఒప్పందం ఉంటదా?" సంతకాలు వ్యక్తులవి కావు, సంస్థలవి అన్నాను. అక్కడ పెద్ద మాట సుప్రీం నేత ఖమేనీది. నా భయం వేరు, మన నత్తనడక. ఇరాన్‌లో ఫర్జాద్-బి గ్యాస్ క్షేత్రాన్ని 2008లో కనిపెట్టింది మన ఓఎన్‌జీసీ విదేశ్. బేరం సాగీ సాగీ 2021లో అది ఇరాన్ కంపెనీ పెట్రోపార్స్ చేతికి పోయింది. ఆంక్షల వంక కొంత నిజం. అంతా నిజమంటే నేను ఒప్పుకోను.

మే 24, శుక్రవారం

చాబహార్ మీద 150 పదాల జవాబులు దిద్దుతున్నాను. అందరూ గ్వాదర్‌తో మొదలెట్టి మధ్య ఆసియాతో ముగించారు. బందరు అమ్మాయి ఒక్కతే ఖుత్బా షరతు రాసింది, నిన్న క్లాసులో చెప్పిందే. కానీ దానికే 60 పదాలు పోశాక రుణం, గడువు రెండూ ఎగిరిపోయాయి. పదికి ఐదు వేశాను. "మా ఊరి సంగతి సార్, ఇంకో మార్కు వేయండి" అంది. వేయలేదు. రెండు వాక్యాల్లో కుదించి సోమవారం మళ్లీ రాసుకురమ్మన్నాను.