తార్నాకలో కారు బేరం: పసిపిల్ల, నల్లోడు, పత్తి పైసలు

మొన్న మా వాకిట్ల తెల్ల కారు నిలబడ్డది చూసి ఫోన్లు చేసినోళ్లు చాలమందే ఉన్నరు. "పత్తి అంత మంచిగ ఎల్లిందా?" అని ఒకరు, "ఎంతకు తెచ్చినవ్, ఏం చూసి తెచ్చినవ్?" అని ఇంకొకరు. ఒక్కొక్కరికి చెప్పుడు కంటే ఇక్కడ రాస్తే అయిపోతదని కూసున్న. కారు నాది కాదు, మా బిడ్డది. కొత్తది కూడ కాదు.

మా బిడ్డ ఉస్మానియా యూనివర్సిటీల పీహెచ్‌డీ చేస్తున్నది. అల్లుడు ప్రైవేటు కాలేజీల పాఠాలు చెప్తడు. తార్నాకల రెండు గదుల కిరాయి ఇల్లు. నా మనవరాలికి ఏడో నెల. వీళ్లు ముగ్గురు గాక నల్లోడు ఉన్నడు. నల్లోడంటే కుక్క. నాలుగేండ్ల కింద మా బాయికాడ పుట్టిన పిల్లను బిడ్డ చేతుల పట్టుకొని పోయింది. జాతి కుక్క ఏం కాదు, మన ఊరకుక్కే, 20 కిలోల దాక ఉంటడు. రోజూ తెల్లారంగనే బిడ్డతోని క్యాంపస్‌ల ఆర్ట్స్ కాలేజీ దాక నడిచిపోయి వస్తడు. ఆ రాతి బిల్డింగు ముందట ఉద్యమం అప్పుడు మనలో చాలమందిమి నిలబడ్డోళ్లమే. ఇప్పుడు మా నల్లోడు అక్కడ ఉడుతలను తరుముతున్నడు.

కాన్పు అప్పుడు నల్లోడిని ఊరికి తోలుకొచ్చి బాయికాడ కట్టేసిన. మూడు రోజులు బువ్వ ముట్టలేదు. నాలుగో రోజు తాడు కొరికి పోయిండు. వెతుకుతే మా ఊరి బస్టాండు కాడ దొరికిండు, పట్నం పోయే దిక్కు చూసుకుంట.

ఇదంత చూసిన మనిషినే, అయినా కారు మాట వచ్చేసరికి నా నోటి నుంచి వచ్చిందేందంటే, "కుక్కను ఊళ్లె ఉంచుర్రి, మీ ముగ్గురికి చిన్న కారు సాలు" అని. బిడ్డ కోపం చెయ్యలేదు. "బాపూ, మన ముసలెద్దు నాగలికి రాకుంట అయినంక ఎన్నేండ్లు మేపినవ్?" అని అడిగింది. ఆరేండ్లు మేపిన. ఇగ నేనేం మాట్లాడాలె?

వాళ్ల కాడ మూడు లక్షలు ఉన్నయి. పత్తి పైసల నుంచి నేను లక్షన్నర ఇస్త అన్న. బోరు మోటరు మార్చుడు ఉన్నది, అది వచ్చే ఏడు చూసుకోవచ్చు. బిడ్డ మొదలు ఒప్పుకోలేదు, వాళ్లమ్మ చెప్తే ఒప్పుకున్నది.

నా మనసుల బొలేరో ఉండె. అల్లునికి డిజైర్ మీద పాణం. మైలేజీ, మళ్లా అమ్మితే వచ్చే ధర, అన్నీ ఫోన్ల లెక్క చేసి పెట్టిండు. ఇద్దరం పేర్లు పట్టుకొని కొట్లాడినం గని, అందుల ఎక్కేదెవరని చూడలేదు. డిజైర్‌కు డిక్కీ ఏరుగ ఉంటది, మూత పెడితే లోపల చీకటి. అందుల కుక్కను పెడ్తమా? వెనక సీటు మీద పెడితే పిల్ల సీటు పక్కన కొంచెమే జాగా మిగుల్తది, బిడ్డ ఏడ కూసోవాలె? వ్యాగన్‌ఆర్ మంచిగనే ఉంటది, ఎత్తు ఎక్కువ, పెద్దోళ్లు ఎక్కుడు దిగుడు సులువు. మేం చూసింది సీఎన్‌జీది. డిక్కీల సిలిండరే ఉన్నది, నల్లోడికి జాగా లేదు.

"పిల్లకు ఏరుగ సీటు ఎందుకు, ఒళ్లె పట్టుకుంటే అయితది గద" అని కూడ అన్న నేను. మన ఊళ్లె అందరం అట్లనే గద. బిడ్డ చెప్పింది, 50 స్పీడుల గుద్దితే ఎంత గట్టిగ పట్టుకున్నా చేతులల్ల పిల్ల ఆగదని. చట్టం కూడ 2019 నుంచి 14 ఏండ్ల లోపు పిల్లలను బెల్టు లేక సీటు లేకుంట తోలుకపోతే వెయ్యి రూపాయలు జుర్మానా అంటున్నది. పసిపిల్ల సీటు వెనక్కి తిప్పి పెట్టాలె, అది గూడ వెనక వరసల. ముందు సీట్ల పెడితే ఎయిర్‌బ్యాగ్ పేలినప్పుడు నేరుగ పిల్ల సీటునే గుద్దుతది. ఇది గుర్తుపెట్టుకోర్రి.

అల్లుని డిజైర్ ముచ్చట అంతటితోని తెగలేదు. ఒకాయన కాడ చూసినం, తళతళ మెరుస్తున్నది. మార్కెట్ కంటే 60 వేలు తక్కువ. అల్లుడు బయానా తీయబోయిండు. నేను ఆగుమన్న. సంతల ఎద్దును కొనేటప్పుడు పండ్లు చూస్తం, నడిపించి చూస్తం, పండుకోబెట్టి లేపి చూస్తం. కారు ఇంత అలకగ ఎట్ల ఒప్పుకుంటం?

డిక్కీల పరుపు లేపి, స్టెప్నీ టైరు తీసిన. ఆ గుంత అంచుకు వేలు పెట్టి గీకితే మెత్తటి మట్టి వచ్చింది. రోడ్డు దుమ్ము కాదది. నలభై ఏండ్లు చెరువు కింద ఎవుసం చేసినోన్ని, ఒండ్రు మట్టి నాకు తెల్వదా? ముందు సీటు బెల్టు చివరి దాక గుంజిన. సగం వరకు మంచిగున్నది, ఆ లోపలంతా చాయ రంగు చార. సీటు కింద పట్టాలు తుప్పు. లోపల సెంటు కొట్టిండ్రు గని, అద్దాలు మూసి ఐదు నిమిషాలు కూసుంటే ముక్క వాసన. 2020 అక్టోబరుల హైదరాబాద్‌ను ముంచిన వాన మీకు యాదికి ఉన్నది గద, కార్లు కొట్టుకపోయినయి. ఆ వానల మునిగిందో, తర్వాత ఏ వానల మునిగిందో, మునిగిన బండి మాత్రం నిజం. ఇంజను కడిగి నడిపిస్తరు. వైర్ల కొసలల్ల తుప్పు పట్టి, ఎప్పుడో రాత్రి నడి రోడ్డు మీద ఆగుతది. ఎయిర్‌బ్యాగ్ పని చేస్తదో లేదో దేవునికే ఎరుక. అమ్మేటాయన నా మట్టి వేలు చూసి, ఫోన్ వచ్చినట్టు అవతలికి పోయిండు.

చివరికి కుదిరింది రెనో ట్రైబర్, 2020 మోడల్, పెట్రోలు. తార్నాకలనే ఒక రిటైర్డ్ సారుది, 31 వేల కిలోమీటర్లు తిరిగింది. ఇది ఏడు సీట్ల బండి గని, వెనక వరస రెండు సీట్లు మొత్తం ఊడదీసి బయట పెట్టొచ్చు. తీస్తే 625 లీటర్ల జాగా, నల్లోడికి ఒక చిన్న గది. 2021ల గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు దీన్ని గుద్ది చూస్తే పెద్దోళ్లకు 4 స్టార్లు, పిల్లలకు 3 స్టార్లు వచ్చినయి. మాది తీసుకున్న రకంల వెనకకు కూడ ఏసీ గాలి వస్తది. తక్కువేందంటే, ఇంజను మూడు సిలిండర్లదే, నిండా ఎక్కితే ఎత్తు మీద మూలుగుతది. ఘాట్ రోడ్లు తిరిగేటోళ్లకు నేను చెప్పను.

పొద్దున ఏడు గంటలకే పోయినం, ఇంజను చల్లగున్నప్పుడే స్టార్టు చేసి చూడాలె. పొగ లేదు. బ్రేకు పెడలు రబ్బరు అరిగిన తీరు కిలోమీటర్లకు సరిపోయింది. టైరు మీద నాలుగంకెలు చూసినం, మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. 1820 అని ఉన్నది, అంటే బండితోని వచ్చిన టైర్లే, ఇగ మార్చుడు దగ్గర పడ్డది. అది బేరంల వాడుకున్న.

బిడ్డ పిల్ల సీటు తెచ్చి వెనక బెల్టుతోని కట్టింది, గుంజి చూస్తే కదలలేదు. ముందు సీట్ల నేను కూసున్న, మోకాళ్లు తగలలేదు. నల్లోడిని పిలిచినం, ఒక్క ఎగురుల ఎక్కిండు. ఆ సారు నవ్విండు గని, నాకైతే అదే అసలు పరీక్ష. క్యాంపస్ లోపల నుంచి ఒక చుట్టు తిప్పినం. ప్రతి స్పీడు బ్రేకరు మీద నేను చెవులు నిక్కబెట్టుకొని విన్న, కింద గుల్ల చప్పుడు లేదు. పిల్ల నిద్రపోయింది. ఆయన 4 లక్షల 60 వేలు అన్నడు, 4 లక్షల 25 వేలకు దిగిండు.

కాయితాల సంగతి జర మంచిగ వినుర్రి, మనం ట్రాక్టర్లు పాత ఓనరు పేరు మీదనే ఏండ్లకేండ్లు నడుపుతం. ఫారం 29, 30 మీద సంతకాలు అయినంకనే మొత్తం పైసలు ఇయ్యాలె. ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే ఫారం 35, బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ కావాలె. ఇన్సూరెన్సు పేరు మార్చుమని 14 రోజులల్ల రాసియ్యాలె. పాతాయన నో క్లెయిమ్ బోనస్ మనకు రాదు. ఈ బండి మీద మూడు చలాన్లు ఉండె, ఆ సారే కట్టిండు.

మొన్న ఆదివారం మొదటిసారి ఊరికొచ్చిండ్రు. ఉప్పల్, ఘట్‌కేసర్, భువనగిరి మీదుగ జనగామ రోడ్డు. నల్లోడికి ఛాతీ పట్టీ వేసి కట్టిండ్రు, భువనగిరిల చెట్టు కింద ఆపి నీళ్లు తాగించిండ్రట. దిగంగనే సీదా బాయికాడికి ఉరికిండు, సాయంత్రం బిడ్డ తాళంచెవి తియ్యంగనే అందరికంటే ముందు కారు కాడ నిలబడ్డడు.

ఊడదీసిన రెండు సీట్లు పెట్టనీకి తార్నాక ఇంట్ల జాగా లేదు. మా అరుగు మీద గోడకానిచ్చి పెట్టిన. పొద్దుగూకంగ ముచ్చట్లకు వచ్చేటోళ్లు ఇప్పుడు మంచం మీద కూసుంటలేరు, ఆ సీట్ల కోసం కొట్లాడుతున్నరు.