ఫాతిమా నగర్ బ్రిడ్జి ఎక్కితే తెలుస్తది

వరంగల్ అనగానే వేయి స్తంభాల గుడి, కోట, భద్రకాళి చెరువు. రీల్స్‌లో చూసే ఉంటారు. బండ్ల పిచ్చి ఉన్నోళ్లకు నేను చూపించే వరంగల్ వేరే. అది కాజీపేటలో మొదలవుతుంది. డీజిల్ లోకో షెడ్, ఎలక్ట్రిక్ లోకో షెడ్ రెండూ ఉన్న ఊరు ఇది. పెట్రోల్ బండి మంచిదా, కరెంటు బండి మంచిదా అని మనం ఇప్పుడు కొట్టుకుంటున్నాం గానీ, కాజీపేట రైల్వే వాళ్లు ఆ రెండిటితో ఎప్పట్నుంచో కాపురం చేస్తున్నారు.

రిపేరైన డీజిల్ రైలింజన్ బలం చూడాలంటే పట్టాల మీద ఉరికించాల్సిన పని లేదు. ఉన్నచోటే నిలబెట్టి, అది పుట్టించే కరెంటును లోడ్ బాక్స్ అనే దాంట్లోకి పంపిస్తారు. ఆ కరెంటంతా అక్కడ వేడిగా మారిపోతుంది. ఇంజన్ అంగుళం కదలదు, దాని సత్తా మాత్రం మీటర్లో కనిపిస్తుంది. డైనమోమీటర్ అంటే కూడా ఇంతే. తిరిగేదాన్ని ఆపడానికి ప్రయత్నిస్తూ, ఎంత గట్టిగా ఆపాల్సి వస్తోందో కొలవడం.

కాజీపేట నుంచి హన్మకొండ వైపు వస్తే ఫాతిమా నగర్ బ్రిడ్జి, ఆ దగ్గర్లోనే ఎన్‌ఐటీ. 1959 అక్టోబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ, దేశంలో మొట్టమొదటి ఆర్‌ఈసీ. నేను చదివింది అందులో కాదు, ఇదే ఊళ్లో ఓ ప్రైవేటు కాలేజీలో. మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డ లక్షల మందిలో ఒకడిని. అయితే ఏ కాలేజీ అయినా మెకానికల్ వాళ్లకు ఒక ల్యాబ్ గుర్తుంటుంది. సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజన్, దానికో డ్రమ్ము, డ్రమ్ము చుట్టూ తాడు. తాడు ఒక కొసకు బరువులు, ఇంకో కొసకు స్ప్రింగ్ త్రాసు. బరువు పెంచే కొద్దీ ఇంజన్ మూలుగుతుంది, తాడు కాలిన వాసన వస్తుంది, డ్రమ్ము చల్లబడటానికి ఎవడో ఒకడు నీళ్లు పోస్తుంటాడు. 1821లో ఫ్రాన్స్ ఇంజినీరు ప్రోనీ కనిపెట్టిన బ్రేకుకు ఈ తాడు చుట్టమే. రెండు వందల ఏళ్లయినా సూత్రం మారలేదు.

ఇప్పుడు బైకులకైతే రోలర్ ఉంటుంది. ముందు చక్రాన్ని బిగించి, వెనక చక్రాన్ని బరువైన రోలర్ మీద పెట్టి యాక్సిలరేటర్ తిప్పుతారు. రోలర్ ఎంత తొందరగా వేగం అందుకుంటుందో చూసి టార్క్, పవర్ లెక్కేస్తారు. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు.

ఆ గ్రాఫ్‌లోనే అసలు కథ ఉంది. స్ప్లెండర్ ప్లస్ తీసుకోండి. కంపెనీ లెక్క ప్రకారం టార్క్ 8.05 న్యూటన్ మీటర్లు, అదీ 6000 ఆర్‌పీఎం దగ్గర. పవర్ 5.9 కిలోవాట్లు, 8000 దగ్గర. అంటే గీత మెల్లగా గుట్ట ఎక్కి దిగుతుంది. కింది ఆర్‌పీఎంలో దమ్ము తక్కువ, అందుకే సగం క్లచ్చు, ఫస్ట్ గేరు. కరెంటు బండి గీత గుట్ట కాదు, మిద్దె. సున్నా నుంచే టార్క్ నిండుగా ఉంటుంది, కొంత వేగం తర్వాత దిగిపోతుంది. ఏథర్ 450ఎక్స్ మోటార్ టార్క్ 26, క్లాసిక్ 350 టార్క్ 27. రెండూ ఒకటేనా అని వాట్సాప్‌లో కొట్లాడే తమ్ముళ్లూ, పవర్ కూడా చూడండి. మొదటిది 6.4 కిలోవాట్లు, రెండోది దాదాపు 15. పైగా క్లాసిక్‌కు గేర్లున్నాయి. చక్రం దగ్గర కొలవకుండా ఈ గొడవ తేలదు.

నాకు ఇదంతా మళ్లీ అవసరం పడింది మా మామ వల్ల. మామది కొత్తవాడ. దర్రీలు నేసే వాడ అది, వరంగల్ దర్రీలకు 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. మామ స్ప్లెండర్ వెనక దర్రీల మూట కట్టుకుని పోచమ్మ మైదాన్, హన్మకొండ మీదుగా కాజీపేట దాకా షాపులకు వేస్తాడు. పెట్రోల్ ఖర్చు భరించలేక ఒక చిన్న కరెంటు స్కూటర్ చూశాడు.

"లైసెన్సు అక్కర్లేదంట, రిజిస్ట్రేషన్ అక్కర్లేదంట. మరి మూట గుంజుతదా అల్లుడా?"

షోరూం కుర్రాడు "మస్తు గుంజుతది అంకుల్" అన్నాడట. ఆ మాట నమ్మి అప్పు చేస్తే, రేపు ఈఎంఐ కట్టాల్సింది మామే.

లైసెన్సు ఎందుకు అక్కర్లేదు? వేగం గంటకు 25 కిలోమీటర్లు దాటదు, మోటార్ '30 నిమిషాల పవర్' పావు కిలోవాట్ కన్నా తక్కువ, బ్యాటరీ కాకుండా బండి బరువు 60 కిలోలు మించదు. అందుకే చట్టం దాన్ని మోటారు వాహనం కింద లెక్కపెట్టదు. ఇందులో '30 నిమిషాల' అన్న మాట దగ్గర ఆగండి. పెట్రోల్ బండికి డైనో మీద ఒక పరుగు చాలు. ట్యాంకు నిండుగా ఉన్నా, అడుగంటినా దాని బలం అంతే. కరెంటు మోటార్ అలా కాదు. కాసేపు రెండు మూడింతలు ఇస్తుంది, తర్వాత వేడెక్కి కంట్రోలర్ తగ్గించేస్తుంది. చార్జింగ్ తగ్గితే ఇంకా తగ్గొచ్చు. మన మే నెల ఎండ సరేసరి. అందుకే అరగంట పాటు ఆగకుండా ఎంత ఇవ్వగలదో డైనో మీద కొలుస్తారు. యాడ్‌లో పెద్ద అక్షరాల్లో ఉండేది మాత్రం పీక్ పవర్.

రేంజ్ సంగతీ ఇంతే. ఐడీసీ రేంజ్ అని రాస్తారు కదా, ఆ బండి ఏ రోడ్డూ ఎక్కలేదు. పుణెలోని ఏఆర్‌ఏఐ లాంటి చోట రోలర్ మీద తిప్పిన లెక్క అది. 108 సెకన్ల ఒక చక్రం, అదే మళ్లీ మళ్లీ. టాప్ స్పీడ్ 42, సగటు 22 లోపు. దాంట్లో కొత్తవాడ మూట ఉండదు, బ్రిడ్జి ఉండదు.

సెల్‌ఫోన్‌లోనే లెక్క వేశాను. బండి 60, మామ 70, మూట 50 కిలోలు. చదును రోడ్డు మీద 25 వేగానికి దాదాపు 300 వాట్లు కావాలి. బ్రిడ్జి వాలు నాలుగు శాతం అనుకుంటే 800. ఉన్నది 250 లోపు. మోటార్ వేడెక్కి ఆ 250కే దిగితే బ్రిడ్జి మీద వేగం 9 కిలోమీటర్లు. వెనక ఆర్టీసీ బస్సు హారన్ కొడుతూ ఉంటుంది. మామకు ఈ వాట్లు అర్థం కాలేదు గానీ 9 అన్న అంకె అర్థమైంది.

"సైకిల్ కన్నా అధ్వానమా!"

దాన్ని వదిలేసి, రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద స్కూటర్ టెస్ట్ రైడ్‌కు పోయాం. మూటతో సహా. షోరూం వాళ్లు మూటను చూసి మొహం చిట్లించారు గానీ కాదనలేదు. ఫాతిమా నగర్ బ్రిడ్జి మూడుసార్లు ఎక్కించాం, మూడోసారి చార్జింగ్ 30 శాతానికి పడ్డాక. మామ మధ్యలో ఆపి, మళ్లీ నిలబడ్డ చోటు నుంచే లాగించాడు. స్ప్లెండర్ అయితే అక్కడ క్లచ్చు వాసన వచ్చేది. ఇది చప్పుడు లేకుండా ఎక్కింది. మామ మొహంలో కొంచెం అనుమానం, కొంచెం సంబురం.

ఇంకా కొనలేదు. స్ప్లెండర్ సీటు మీద మూట అడ్డంగా కూర్చుంటుంది, ఈ స్కూటర్ సీటు మీద జారుతోంది. హన్మకొండలో ఒక వెల్డింగ్ షాపతను క్యారియర్ చేసిస్తానన్నాడు. దానికి రంధ్రాలు వేస్తే వారంటీ పోతుందా అని మామ షోరూంలో అడిగాడు. వాళ్లు పైవాళ్లను కనుక్కుని చెప్తామన్నారు. మామ రోజూ ఫోన్ చేస్తున్నాడు.