48,300 రూపాయల గోడ

మర్పల్లిలో మా ఇల్లు తాతల నాటిది. రాయీ మట్టీ కలిపి కట్టిన మందపాటి గోడలు, పైన తాండూరు బండల కప్పు. ఏటా దసరా ముందు సున్నం కొట్టి, అడుగున జాజు పట్టీ వేసేవాళ్లం. రెండేళ్ల కింద పెద్దబిడ్డను చూసుకోవడానికి వస్తున్నారనగానే నా బామ్మర్ది దిగాడు.

"సున్నం ఎవరేస్తుండ్రు బావా ఇప్పుడు? ఆనుకుంటే అంగీకంటది. కింద సిమెంటు పూయించు, పైన లప్పం పెట్టి ఎమల్షన్ కొట్టించు. ఏడేండ్ల దాంక చూసే పనుండదు."

ఆ ఏడేండ్లు ఒక్క వానకాలంలో అయిపోయాయి.

లెక్క నాకు నోటికొచ్చు. నిద్ర పట్టని రాత్రి చదువుకునేది అదే. వీధి వైపు 30 అడుగులు, సందు వైపు 40, ఎత్తు 11. మొత్తం 770 చదరపు అడుగుల్లో తలుపులు, కిటికీలు 70 తీసేస్తే 700. లప్పం, ప్రైమర్, రెండు కోట్లు, కూలీ కలిపి అడుగుకు 24 చొప్పున 16,800. కింద మూడడుగుల ఎత్తున సిమెంటు పూత 210 అడుగులు, 45 చొప్పున 9,450. (ఇక్కడ తలుపుల జాగా తీసెయ్యడానికి మేస్త్రీ ఒప్పుకోలేదు.) కట్టెల కిరాయి 1,200. వెరసి 27,450. చేతిలో ఉన్నది 13 వేలు. అందుకే 50 వేల చిట్టీని ఐదో నెలలోనే 9 వేలకు పాడి ఎత్తాను.

వాళ్లొచ్చారు, చాయ్ తాగారు, సంబంధం కుదిరింది. గోడ వైపు ఒక్కరూ తలెత్తి చూడలేదు.

జులై ముసురుకు రంగు అరచేతంత బొబ్బలెత్తింది. గోరుతో గీరితే పొర పూరీలా లేచొచ్చింది. వెనకంతా తెల్లటి సౌడు, నాలుకకు ఉప్పన. సిమెంటు పూత మీద వేలితో కొడితే డొల్ల చప్పుడు. మా ఊరి ముసలి మేస్త్రీ ఒక్క చూపులో చెప్పేశాడు: "మట్టిగోడకు మూత పెట్టినవ్ పటేలా." నేల తడిని గోడ పీలుస్తుంది, సున్నమైతే దాన్ని బయటికి వదిలేస్తుంది. సిమెంటూ ఎమల్షనూ ఆపేశాయి. తడి పైకి పాకింది, దాంతో వచ్చిన ఉప్పు గడ్డకట్టి పొరను తన్నేసింది. హైదరాబాదులో కుతుబ్‌షాహీ సమాధులకు ఎప్పుడో పూసిన సిమెంటును కూడా, 2013లో మొదలైన మరమ్మతుల్లో గీకేసి మళ్లీ సున్నమే పూశారు. రాజుల గోరీలకు తెలిసింది నా ఇంటికి తెలియలేదు.

రెండో లెక్క. పొర గీకడానికి ముగ్గురు, నాలుగు రోజులు, రోజుకు 700: మొత్తం 8,400. కింద మట్టి, సున్నం కలిపి మెత్తడం 210 అడుగులు, 25 చొప్పున 5,250. సున్నం 60 కిలోలు 1,200. తుమ్మబంక, నీలి, జాజు 600. కొట్టడానికి ఇద్దరు, మూడు రోజులు 5,400. వెరసి 20,850. గీకుడు తీసేస్తే 12,450. అంటే చేతిలో ఉన్న 13 వేలలోనే అయిపోయే పని. దానికి పెట్టింది 48,300. నష్టం 35,850, చిట్టీ పాటలో పోయిన 9 వేలు కాక.

బామ్మర్దినడిగితే "పెయింటరు సరిగ్గ కొట్టలే బావా" అన్నాడు. మా ఆవిడ ముందు నేనేం అనలేదు. ఎలివేషన్ టైల్స్ అని ఇంకొకరు మొదలుపెట్టారు, ధర విని లేచొచ్చాను. నిజానికి నేను డబ్బు పెట్టింది గోడకు కాదు, వచ్చేవాళ్ల కళ్లకు. ఆ ఖర్చుకు రసీదు రాదు.

అసలు తడి ఎక్కడిదో ఇంతా అయ్యాక గానీ చూడలేదు. ఇంటి ముందు వేసిన సీసీ రోడ్డు మా గడప కంటే జానెడు ఎత్తు. వాన నీళ్లన్నీ గోడ మొదట్లోకే. మీ ఇంటి ముందూ అలాగే ఉంటే, రంగు డబ్బా కొనేముందు ఆ నీళ్లను మళ్లించండి. నేనూ మా చిన్నోడూ ఇంటెనక పడున్న తాండూరు బండ ముక్కలతో వాలు పరిచాం. రెండు పూటల పని, పైసా ఖర్చు కాలేదు.