అవ్వకు వ్రాసియిచ్చిన వంటకము

మా యింట మూడు తరముల ఆడువారము. అవ్వ తెలుగు మాత్రమే చదువగలదు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా ఆంధ్రప్రదేశమునుండి మద్రాసు రాష్ట్రమునకు మారినపుడు ఆమె ఆ ప్రాంతపు తెలుగు బడిలో పదేండ్ల బాలిక. అమ్మ చదువంతయు తమిళమున సాగినది. ఆమె తెలుగు మాటలాడును గాని అక్షరము లెఱుగదు. నేను మన పాఠశాలలో తెలుగు చదువుచున్నాను.

అవ్వకు చిల్లుగారెలన్న ప్రాణము. కాని నూనెలో వేచిన పదార్థములు మానవలెనని వైద్యులు చెప్పిరి. ఇది తెలిసి, గడచిన సంక్రాంతికి మామయ్య ఒక ఎయిర్ ఫ్రైయరును తిరునిన్రవూరికి తెచ్చి యిచ్చెను. అవ్వ ఉత్సాహముతో మినపపప్పు నానబోయించినది. తీరా గారెలు తట్టి అందులో పెట్టగా, పిండి పళ్ళెపు రంధ్రములగుండా జాఱి అడుగున అంటుకొనెను.

“ఇది గారె కాదు పాపా, గాలికి ఎండిన దోసె!” అని అవ్వ నవ్వినది. ఆ నవ్వులో కొంత దిగులును ఉండెను.

కారణము విచారించితిని. కాగిన నూనె పిండిని నలువైపులనుండి ఒక్కసారిగా పట్టి బిగించును. ఈ యంత్రములో నున్నది పంకా త్రిప్పు వేడిగాలి మాత్రమే. కావున దీనికి జారుపిండి పనికిరాదు, ముద్దపిండి కావలెను. అప్పుడు డోనట్లు చేయ నెంచితిని. డోనట్టనగా అమెరికావారి తీపి చిల్లుగారె యనవచ్చును. అంచులు వేగునప్పటికి నడుము పచ్చిగా మిగులకుండుటకు అందును ఆ చిల్లే సాయము.

అవ్వ చదువుకొనుటకై ఆ విధానమును పెద్ద అక్షరములతో ఇట్లు వ్రాసియిచ్చితిని:

“ఒక కప్పు మైదాపిండిలో ఒకటిన్నర టీచెంచా బేకింగ్ పౌడరు, చిటికెడు ఉప్పు కలుపవలెను. గుడ్డలో కట్టి నీరోడ్చిన పెరుగు ముప్పావు కప్పు కొంచెము కొంచెముగా చేర్చి మెత్తగా పిసుకవలెను. 6 ఉండలు చేసి, అదిమి, నడుమ వెడల్పుగా చిల్లు పెట్టవలెను. వెన్న పూసి 180 డిగ్రీల వేడిలో 8 మొదలు 10 నిమిషము లుంచి, మధ్య నొకసారి త్రిప్పవలెను. దించినవెంటనే మఱల వెన్న రాచి, పావు కప్పు చక్కెరలో ఒక టీచెంచా పట్టై పొడి కలిపి అందు దొరలింపవలెను. చక్కెర ముందే చల్లినచో గాలికి ఎగిరి మాడిపోవును.”

అవ్వ కండ్లద్దములు సవరించుకొని చదివి, ఒకచోట ఆగినది.

“పట్టై యేమిటే? దాల్చినచెక్క అన్న మాట మఱచితివా?”

మఱచుట కాదు, ఆ మాట నా నోటికి రానేలేదు. అంగడిలోను, వంటింటిలోను నేను విన్నది తమిళపు పేరే. సిగ్గుపడి దానిని కొట్టివేసి ‘దాల్చినచెక్క’ అని వ్రాసితిని.

ఆ రాత్రి దాల్చినచెక్కనుగూర్చి చదివితిని. మన జిల్లాలోని పులికాటులో డచ్చివారు 1613లో గెల్డ్రియా కోట కట్టుకొనిరి. ఇచ్చటి నేతబట్టలను కొనిపోయి తూర్పుదీవులలో సుగంధద్రవ్యములకు మార్చుకొనిరి. పిదప సింహళపు దాల్చినచెక్క వర్తకమును పోర్చుగీసువారినుండి వశపఱచుకొనిరి. 2010లో ఎయిర్ ఫ్రైయరును లోకమునకు చూపిన ఫిలిప్స్ సంస్థయు ఆ డచ్చి దేశముదే. ఎచ్చటెచ్చటి వస్తువులో సముద్రములు దాటి మా వంటింటికి చేరినవి. మా యింట పుట్టిపెరిగిన పేరు మాత్రము మా యింటనే తప్పిపోవుచుండెను!

మఱునాడు అరగంటలో డోనట్లు సిద్ధమయ్యెను. అవ్వ ఒకటి తిని, “గారె కాదులే, అయినా బాగుంది,” అని ఇంకొకటి అడిగినది. అంతకంటె నాకు బహుమాన మేమున్నది?

సాయంకాలము అమ్మ ఆ కాగితమును చేతబట్టుకొని, “ఇందులో దాల్చినచెక్క ఏదీ, చూపించు,” అనెను. చూపితిని. ఆమె ఆ అక్షరములపై మెల్లగా వ్రేలు నడపి, ‘దా’ అని పలికినది. ఇప్పుడు రోజున కొక్క అక్షరము నేర్చుచున్నది, గురువు అవ్వయే.

తోడి విద్యార్థులారా! తమిళము మనము పుట్టిపెరిగిన నేల భాష; దానిని చక్కగా నేర్చుకొందము. అయినను మీ యింటి వంటకము నొక్కదానిని అవ్వ నడిగి తెలుగున వ్రాసి చూడుడు. మీకు తెలియకయే జారిపోయిన మాటలెన్నో ఆ కాగితముమీద కనబడును.